గోడలు లేని డేరా

మా పిన్ని డేరాలు కుడుతుంది. లారీలు ఆగే రోడ్డు పక్కన పొడవాటి రేకుల షెడ్డు ఒకటుంది, అక్కడ ఆమె పని. గుడ్డ పరిచి గీత గీయాలన్నా, కత్తిరించాలన్నా, అంచులు కలిపి కుట్టాలన్నా అంతా నేలమీదే. అందుకే చెప్పులు గుమ్మం బయటే వదలాలి. లోపల కొత్త కాన్వాసు వాసన, దారానికి పూసే మైనం వాసన కలిసిపోయి ఉంటాయి. ఆ వాసన పిన్ని జుట్టుకి కూడా పట్టేసింది. చిన్నప్పుడు ఆమె నన్ను భుజాన వేసుకుంటే ఆ వాసనకే నాకు నిద్ర ముంచుకొచ్చేది.

షెడ్డులో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. 'ఎందుకక్క' అంటారు. ఇత్తడి రింగు ఈ మూలకే ఎందుకు, తాడు ఇంత పొడవెందుకు, ఇక్కడ కుట్టు రెండు వరసలెందుకు అని అడగందే ఆమె సూది ముట్టుకోదు. షెడ్డు యజమానురాలు మొదట్లో విసుక్కునేదట. పోనుపోనూ ఆవిడే, కొత్త ఆర్డరు రాగానే, ముందు ఎందుకక్క ప్రశ్నలన్నీ అయిపోనివ్వండి, ఆ తర్వాతే గుడ్డ తీద్దాం అనడం మొదలుపెట్టింది.

బాబాయిది ఐసు ఫ్యాక్టరీలో పని. మాడు పగిలే ఎండల్లో స్వెట్టరు చంకలో పెట్టుకుని ఇంట్లోంచి బయల్దేరే మనిషి మా వీధి మొత్తానికి ఆయనొక్కడే. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే పిల్లలమంతా వెళ్లి ఆయన చేతులు మా చెంపలకి ఆనించుకునేవాళ్లం. పిన్నిని ఏడిపించడం ఆయనకి సరదా. "లోకమంతటికీ డేరాలు కుట్టి పంపుతావు, ఒక్క పూటైనా ఒక్కదాన్లో పడుకున్నావా? వంట రాని మనిషి హోటలు పెట్టినట్టుంది నీ సంగతి" అనేవాడు. పిన్ని నవ్వి ఊరుకునేది. కానీ ఆ మాట ఆమె లోపల ఎక్కడో గుచ్చుకునే ఉందని తర్వాత తెలిసింది.

ఒక ఎండాకాలం మొదట్లో, పిన్ని కుట్టిన డేరా ఒకటి బాగుచెయ్యమని షెడ్డుకి తిరిగొచ్చింది. ఊళ్లన్నీ దాటి పోతే వచ్చే ఎడారిలో, భూమి కింద నీళ్లు ఎక్కడున్నాయో వెతుకుతున్న సర్వే వాళ్లది అది. మూట విప్పి నేలమీద పరిచేసరికి ఇసుక జల్లున రాలింది. వెనక గోడకి, మోకాలెత్తు కన్నా కిందగా, జానెడుకి పైగా పొడవున ఒక కోత ఉంది. కత్తితో కోసిందే, చిరుగు కాదు.

షెడ్డులో తలో మాటా అన్నారు. దొంగ దూరాడని ఒకరు, డేరాలో ఉన్నవాళ్లు కొట్టుకుని ఉంటారని ఇంకొకరు. యజమానురాలు మాత్రం, ఎవరు కోస్తే మనకేం, అతుకు వేసి పంపెయ్యండి అంది. పిన్ని అతుకు గుడ్డ తెచ్చుకుని కూర్చుంది గానీ సూది ఎత్తలేదు. కోత అంచుల్ని వేళ్లతో తడుముతూ ఉండిపోయింది. ఆ అంచుల్ని ఎవరో లోపలికి మడిచి, మూటలు కట్టే పురికొసతో చుట్టూ కుట్టారు. కుట్టు వంకరటింకరగా ఉంది, కానీ గట్టిగా ఉంది. దొంగ అయితే కోసిన చోట కూర్చుని అంచులు కుట్టడు కదా. కోపంలో కోసినవాడు అసలే కుట్టడు. ఎవరో కావాలని, ఆలోచించుకుని, అక్కడ ఒక కిటికీ పెట్టుకున్నారు. కిటికీ కావాలంటే తల దగ్గర పెట్టుకోవాలి గానీ కాళ్ల దగ్గర ఎందుకు? అదీ వెనకవైపు ఎందుకు?

ఆ రోజు ఇంటికొచ్చాక కూడా పిన్ని ధ్యాస దానిమీదే. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె పట్టుకుని ఆగిపోయిందని బాబాయి మా అమ్మకి చెప్పి నవ్వాడు.

మర్నాడు పిన్ని సర్వే వాళ్లకి ఫోన్ చేయించింది. వాళ్లకి పెద్ద ఒక ఆఫీసరు మేడం. ఆవిడ డేరాల మీద పెద్ద ఫిర్యాదే చెప్పింది. పొద్దెక్కాక లోపల కూర్చోలేకపోతున్నామని, మధ్యాహ్నం లోపలికి చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టుందని, కొత్త డేరాలు కుట్టించాలనుకుంటున్నాం గానీ ఇవే అయితే అక్కర్లేదని అంది. కోత గురించి అడిగితే తనకేమీ తెలియదంది. అప్పుడు పిన్ని, నేను వచ్చి చూడొచ్చా అని అడిగేసింది. అడిగాక తనే ఉలిక్కిపడిందట. అవతల మేడం, వారానికోసారి నీళ్ల ట్యాంకరు వస్తుంది, అందులో వస్తే రండి, వచ్చే ట్యాంకరు దాకా ఉండాల్సి వస్తుంది, ఆలోచించుకోండి అంది.

బాబాయి మొదట నమ్మలేదు. వంటింట్లో ఫ్యాను లేదని రోజూ గోల పెట్టే మనిషివి, ఎడారికి పోతావా అన్నాడు. నమ్మాక మాత్రం ఆయన కంగారు చూడాలి. ఒక చెక్కపెట్టె తెచ్చి, అందులో ఐసు దిమ్మ పెట్టి, చుట్టూ రంపపు పొట్టు కూరి, గోనెపట్టా చుట్టి, దాని పైన ఇంకో గోనెపట్టా వదులుగా చుట్టాడు. అంత దూరం పోయేసరికి నీళ్లయిపోదా అని పిన్ని అడిగింది.

"చల్లదనాన్ని పుట్టించడం మా ఫ్యాక్టరీ వల్ల కూడా అంత తేలిగ్గా కాదు. వేడిని లోపలికి రానివ్వకుండా ఆపడం ఎవరైనా చెయ్యొచ్చు. చూస్తూ ఉండు" అన్నాడు బాబాయి.

పిన్ని తన సంచిలో సూదులు, మైనం దారం, అరచేతికి తొడుక్కునే తోలు, సుద్దముక్క, పెద్ద కత్తెర సర్దుకుంది. ఒక కొత్త డేరా కూడా తీసుకెళ్లింది. వేడి ఆగాలంటే పైకప్పు మందంగా ఉండాలి కదా అని, దానికి కప్పు మీద ఇంకో పొర కలిపి కుట్టింది. దాని మీద ఆమెకి చాలా నమ్మకం ఉండేది.

ట్యాంకరు డ్రైవరు కబుర్ల పోగు. తలకీ మెడకీ ముఖానికీ గుడ్డ చుట్టుకుని, కళ్లు మాత్రమే బయటపెట్టుకుని బండి నడిపేవాడు. అంత ఎండలో అంత గుడ్డ ఎలా భరిస్తున్నావు తమ్ముడూ అని పిన్ని అడిగితే, గుడ్డ తీసేస్తే భరించలేనక్కా, ఈ గాలి ఒంటి మీద తడిని పీల్చేస్తుంది, మనకి చెమట పట్టిందని కూడా తెలియదు అన్నాడు. పిన్ని తన ముంజేయి చూసుకుంది. నిజంగానే పొడిగా ఉంది. ఊళ్లో అయితే ఈపాటికి జాకెట్టు పిండుకునేంత చెమట పట్టి ఉండేది. దాహం వెయ్యకముందే తాగుతూ ఉండాలి, అందులో కాస్త ఉప్పు ఉండాలి అని కూడా అతనే చెప్పి, సీటు కింద నుంచి సీసా తీసిచ్చాడు.

ఎడారి అంటే పిన్ని మనసులో ఇసుక తిన్నెలు ఉండేవి. చూస్తే చుట్టూ గులకరాళ్ల బయలు, ఇసుక మేటలు ఎక్కడో దూరంగా. ఆ బయలు మధ్యలో డేరాలు ఒక్క వరసలో, ద్వారాలన్నీ తూర్పుకి పెట్టుకుని నిలబడి ఉన్నాయి. తను కుట్టిన డేరాలు అలా మనుషులతో, ఆరేసిన బట్టలతో, బయట పెట్టిన బూట్లతో కనబడేసరికి ఆమె వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుందట. పెళ్లయి వెళ్లిన పిల్ల ఇంటికి మొదటిసారి వెళ్లినట్టు అనిపించింది అని చెప్పింది మాకు.

ఐసు పెట్టె విప్పితే పైపట్టా కాలిపోతోంది, లోపలిది గోరువెచ్చగా ఉంది, పొట్టు లోపల దిమ్మ సగానికి పైగా అలాగే ఉంది. సర్వే వాళ్లు చిన్నపిల్లల్లా చుట్టూ చేరారు. ఆ సాయంత్రమే గ్లాసుల్లో వేసుకుని మొత్తం తాగేశారు. ఆఫీసరు మేడం కూడా ఒక ముక్క బుగ్గన పెట్టుకుని, మాట్లాడలేక చేతులతో సైగలు చేసిందట.

కోత కోసినదెవరో మర్నాడు పొద్దున్నే బయటపడింది. కాంపులో వంట చేసేది ఒక పెద్దాయన, హాస్టళ్లలో వండి వండి రిటైరైపోయి, ఇంట్లో తోచక వచ్చినవాడు. అందరూ వంట మావయ్య అంటారు. పిన్ని పురికొస కుట్టు గురించి మాట ఎత్తేసరికి ఆయన పప్పులో గరిటె గిరగిరా తిప్పడం మొదలుపెట్టాడు. నేను కోప్పడటానికి రాలేదు మావయ్యగారూ, ఆ కుట్టు వేసిన చెయ్యి చూద్దామని వచ్చాను అంది పిన్ని. ఆయన గరిటె పక్కన పెట్టి, ఆమెని తన డేరా వెనక్కి తీసుకెళ్లాడు. పాతది బాగుకి పంపాక ఆయనకిచ్చిన డేరాకి కూడా అదే చోట కోత పెట్టుకుని ఉన్నాడు.

"మధ్యాహ్నం దాటాక గాలి పడమటి నుంచి వస్తుందమ్మా. ద్వారాలేమో అందరం తూర్పుకి పెట్టుకున్నాం, పొద్దున్నే వెలుతురుకి లేవొచ్చని. వచ్చిన గాలి డేరా వీపుకి కొట్టుకుని పోతోంది. పడుకుంటే నా ముఖం ఇదిగో, ఇక్కడికొస్తుంది. అందుకే ఇక్కడ కోశాను."

ఇంతేనా అనిపించింది పిన్నికి. ఇంత చిన్న సంగతి షెడ్డులో అంతమందికి ఒక్కరికీ తట్టలేదు. డేరాకి ముందు, వెనక అని తేల్చింది గుడ్డ గీసుకున్నవాళ్లు. గాలికి ఆ సంగతి తెలియదు.

మరి కోత పెట్టుకున్నాక చల్లగా ఉందా అని అడిగింది. మావయ్య నిజం చెప్పాడు. కాస్త మేలు, అంతే. ముఖానికి గాలి తగులుతోంది, ఒళ్లు మాత్రం అలాగే ఉడుకుతోంది అన్నాడు. ఇదుగో, ఇక్కడ పిన్నికి అసలు ప్రశ్న దొరికింది. గాలి లోపలికి వస్తోంది కదా, వేడి ఎందుకు పోవట్లేదు?

తను ఎంతో నమ్మకంతో తెచ్చిన రెండు పొరల డేరాని ఆ పూటే నిలబెట్టించింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి లోపలికి వెళ్లి కూర్చుంది. కాసేపటికే బయటికి వచ్చి, ముఖం కడుక్కుని, నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుంది. మామూలు డేరాకీ దానికీ తేడా ఏమీ లేదు. పొరలు రెండూ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి, పైదాని వేడి నేరుగా కిందిదానికి దిగిపోతోంది. ఐసు పెట్టెకి బాబాయి పైపట్టా వదులుగా ఎందుకు చుట్టాడో అప్పుడు అర్థమైంది. నా కళ్ల ముందే చుట్టాడు, ఆ ఒక్కటీ 'ఎందుకు' అని అడగలేదు చూడు అని తనని తానే తిట్టుకుంది.

అక్కడి నుంచి ఆమెకి అదే పని. ఒక దారప్పోగుని డేరా నడి కప్పు నుంచి వేలాడదీసి, ద్వారం మూసి ఉన్నప్పుడు ఎలా ఉంది, తెరిచినప్పుడు ఎటు ఊగుతోంది అని చూసేది. స్టూలెక్కి తల కప్పుకి ఆనించేది, దిగి నేలమీద బోర్లా పడుకునేది. పైన నిప్పుల కొలిమి, కింద అంత లేదు. కప్పు కొసన, రెండు వాలులూ కలిసేచోట కుట్టు విప్పి సందు పెడితే, వేలాడుతున్న దారం కొస మెల్లగా పైకి లేచి ఆ సందు వైపు ఒరిగింది. ఆ దారాన్ని చూపించడానికి ఆఫీసరు మేడంని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. మేడం కూడా చెప్పులు విప్పేసి స్టూలెక్కింది. కాంపంతా వాళ్లిద్దర్నీ చూసి నవ్వుకుంది.

అన్నీ కలిసిరాలేదు. తడిగుడ్డ కడితే చల్లబడుతుందని విని, పిన్ని ఒక దుప్పటి తడిపి డేరా లోపల కట్టి, ద్వారం మూసింది. జలుబుకి ఆవిరి పట్టుకున్నట్టయింది. అదే దుప్పటిని పడమటి వైపు బయట, గాలి దాన్ని దాటుకుని వచ్చేలా కడితే, అటు నుంచి వచ్చే గాలి బాగా చల్లబడింది. కానీ దుప్పటి ఇట్టే ఆరిపోయి, మళ్లీ మళ్లీ తడపాల్సి వచ్చింది. అలా తడుపుతూ కూర్చుంటే తాగడానికి నీళ్లు మిగలవని మేడం సున్నితంగానే గుర్తుచేసింది. నేల సంగతి కూడా అంతే. పైపైన ఇసుక అరికాలు పెట్టనివ్వదు, మోచేతి లోతున తవ్వితే చల్లగా తగులుతుంది. అది చూసి సంబరపడి, మంచం కింద గొయ్యి తవ్వించింది. ఆ చల్లదనం తనకన్నా ముందు ఒక తేలుకి తెలిసిపోయింది. గొయ్యి పూడ్పించేసి, మంచాలు మాత్రం ఎత్తుగా వేయించింది.

ఇలా రోజులు గడుస్తుండగా, ఒక మధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది. ఎడారిలో అప్పటిదాకా వేడిగాలిని తిట్టుకున్నవాళ్లకి, అసలు గాలే లేకపోతే ఎలా ఉంటుందో తెలిసొచ్చింది. సర్వే మీద వెళ్లినవాళ్లు పని మధ్యలో ఆపేసి వచ్చేశారు. వంట మావయ్య మాత్రం, పొద్దున్నించీ పొయ్యి దగ్గర నిలబడినవాడు, కాసేపు నడుం వాలుస్తానని తన డేరాలోకి వెళ్లాడు. కోత ఉంది కదా అని ఆయన ధీమా.

టీ వేళయినా మావయ్య లేవలేదు. పొయ్యి రాజెయ్యకపోవడం చూసి, పిన్ని వెళ్లి ద్వారం దగ్గర పిలిచింది. లోపల్నుంచి ఆయన, బెల్లు కొట్టారా, పిల్లలు వచ్చేస్తున్నారా అని అడిగాడు. ఏ పిల్లలు మావయ్యగారూ అంది. అన్నం ఇంకా ఉడకలేదు, తలుపు వెయ్యి, తోసుకొచ్చేస్తారు అన్నాడు. ముందు హాస్యానికి అంటున్నాడేమో అనుకుంది పిన్ని. లోపలికి వెళ్లి చెయ్యి పట్టుకుంది. ఒళ్లు కాలిపోతోంది, చర్మం కాగితంలా పొడిగా ఉంది, కళ్లు తెరిచే ఉన్నా ఆమెని చూడటం లేదు.

పిన్ని కేకకి అందరూ పరిగెత్తుకొచ్చారు. మేడం ఒక్క చూపు చూసి, వెంటనే బయటికి తియ్యండి అంది. ఎక్కడికి తియ్యాలి? బయట నిప్పులు చెరుగుతోంది, డేరాలన్నీ కొలుముల్లా ఉన్నాయి, జీపు నీడలో కూడా నేల కాలుతోంది.

అప్పుడు పిన్ని ఎవరినీ ఏమీ అడగలేదు. తన కొత్త డేరా దగ్గరికి పరిగెత్తి, కత్తెరతో గోడల్ని కప్పు నుంచి వేరుచేసేసింది. కుట్లు విప్పే ఓపిక ఎక్కడిది, కరకరా కోసేసింది. రెండు పొరల కప్పు మాత్రం నాలుగు గుంజల మీద నిలబడింది. పై పొరని కూడా ఊడదీయించి, గుంజలకి చెక్కముక్కలు అతికించి, మొదటి పొరకి జానెడు ఎత్తున కట్టించింది. నలువైపులా ఖాళీ. దాని కింద ఎత్తు మంచం వేసి మావయ్యని పడుకోబెట్టారు.

మేడం ఆయన చొక్కా గుండీలు విప్పి, నీళ్లు తెమ్మంది. ఎవరో చెంబుతో తెచ్చారు. "చెంబు కాదు, డ్రమ్ము తీసుకురండి" అంది మేడం. ట్యాంకరు రావడానికి ఇంకా టైముందని ఒకాయన గొణిగాడు. మేడం అతని వైపు కూడా చూడలేదు. "నీళ్ల సంగతి రేపు చూద్దాం. ముందు ఈయన్ని చూడండి."

మెడ మీద, చంకల్లో, తొడల దగ్గర నీళ్లు పోస్తూనే ఉన్నారు. ఐసు ఒక్క ముక్క మిగిలి ఉంటే ఎంత బాగుండేదని ఆ క్షణంలో అందరికీ అనిపించిందట. పిన్ని ఒక పల్చటి దుప్పటి తడిపి ఆయన మీద కప్పింది. గాలి లేదు కనుక, ఇద్దరిద్దరు చెరోవైపు డేరా గోడ గుడ్డ పట్టుకుని విసరడం మొదలుపెట్టారు. అలిసిపోతే ఇంకో ఇద్దరు. తను కుట్టిన గోడ అలా విసనకర్ర అవుతుందని పిన్ని కలలో కూడా అనుకోలేదు.

చాలాసేపు ఆయన హాస్టల్లోనే ఉన్నాడు. సాంబారుకి ఉప్పు చూడమన్నాడు, ఎవరినో సైకిలు లోపల పెట్టమన్నాడు. ఆ తర్వాత ఒంట్లో వేడి కొద్దికొద్దిగా దిగింది. కళ్లు తిప్పి పైన కప్పు వైపు చూసి, తడిసిపోయిన మంచం చూసుకుని, ఇది ఎవరి డేరా అని అడిగాడు. నాదే మావయ్యగారూ అంది పిన్ని.

"గోడలేవమ్మా?" అన్నాడాయన.

పిన్నికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మింగగలుగుతున్నాడని చూసుకున్నాక గుక్కగుక్కగా ఉప్పునీళ్లు పట్టారు. ఎండ చల్లబడుతుండగానే జీపులో ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారి పొడుగునా మేడం ఆయన పక్కనే కూర్చుని తడిగుడ్డ మారుస్తూనే ఉంది. కొద్దిరోజులు పడుకోబెట్టి పంపిస్తామని డాక్టరు చెప్పినట్టు కబురు వచ్చేదాకా కాంపులో ఎవరికీ ముద్ద దిగలేదు. ముద్ద దిగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉందని ట్యాంకరు డ్రైవరు కాంపులో విని తర్వాత బాబాయికి చెప్పాడు. ఆ రోజు వండింది పిన్ని.

ఆ గోడల్లేని డేరాని మళ్లీ ఎవరూ విప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం అందరూ దాని కిందికే చేరారు. రెండు కప్పుల మధ్య సందులోంచి గాలి పోతుంటే, కింది కప్పుకి చెయ్యి ఆనించినా చురుక్కుమనడం లేదు. ఏ దిక్కు నుంచి గాలి వచ్చినా దారి ఉంది. పిన్ని పడుకుని పైకి చూస్తూ ఆలోచించింది. ఇన్నేళ్లూ డేరా అంటే ఇల్లనుకుని కుట్టింది. ఇంటికి గోడలుండాలి, తలుపు మూసుకోవాలి. ఇక్కడ పగటిపూట మనిషికి ఇల్లు అక్కర్లేదు, చెట్టు కావాలి. ఇల్లు కావలసింది చలి దిగాక, గాలి ఇసుకని విసిరేటప్పుడు.

మేడం కూడా తన పద్ధతి మార్చుకుంది. తెల్లవారుతుండగానే పని మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు కట్టేసి, మళ్లీ నీడలు సాగాక బయల్దేరేవాళ్లు. మధ్యలో అందరూ నీడ కిందే, పేకాటలు, కునుకులు. ఇంతకుముందే ఇలా ఎందుకు చెయ్యలేదు అని పిన్ని అడిగితే, ఆఫీసు టైము అంటే పదీ ఐదూ అని బుర్రలో పడిపోయింది, ఎడారికి కూడా ఆఫీసు టైము పెట్టాను అని మేడం నవ్వేసింది.

ట్యాంకరులో తిరిగొచ్చిన పిన్ని నల్లగా కమిలిపోయి, పెదాలు పగిలి, మనిషి మాత్రం వెలిగిపోతూ ఉంది. వస్తూనే బాబాయిని పట్టుకుని, ఆ పైపట్టా వదులుగా ఎందుకు చుట్టావో ముందే ఎందుకు చెప్పలేదని దెబ్బలాడింది. నువ్వు అడగలేదు కదా అన్నాడాయన. అది వాళ్లింట్లో ఇప్పటికీ తేలని తగాదా.

షెడ్డులో కొత్త డేరా గీయడానికి ఆమెకి చాలా రోజులు పట్టింది. నాలుగు గోడలూ చుట్టి పైకి కట్టేసుకునేలా పెట్టింది. కప్పు కొసన వేడి పోయే సందు, దానికి ఇసుక పడకుండా చిన్న గొడుగు. వీటన్నిటి మీదా, అంటకుండా, చుట్టూ బారెడు ముందుకు వచ్చే తెల్లటి పైకప్పు. విడిగా కట్టుకుంటే అదే పగటి నీడ. యజమానురాలు చూసి, ఇంత గుడ్డ ఎందుకు అని అడిగింది. ఆ షెడ్డులో వేరే ఎవరైనా 'ఎందుకు' అని అడగడం అదే మొదటిసారని అందరూ చప్పట్లు కొట్టారట.

వంట మావయ్య కోలుకున్నాక కొడుకు వద్దన్నా మళ్లీ కాంపుకే వెళ్లాడు. పొయ్యి మాత్రం ఇప్పుడు నీడకి దూరంగా, గాలివాలుకి పెట్టుకుంటున్నాడు. మధ్యలో ఊరికి వచ్చినప్పుడు షెడ్డుకి వచ్చి, చెప్పులు బయట విడిచి, పిన్ని పక్కన నేలమీద కూర్చుని కుట్టు నేర్చుకుంటాడు. ఆయన వరసలు ఇంకా వంకరే. పిన్ని వాటిని విప్పించదు.

బాబాయి కూడా ఒకసారి వెళ్లొచ్చాడు. పోయేటప్పుడు చాలా బింకంగా పోయాడు. అక్కడ తెల్లవారుజామున చలికి వణికిపోయి, సర్వే వాళ్ల దుప్పట్లన్నీ అడిగి తెచ్చుకుని కప్పుకున్నాడట. ఐసు ఫ్యాక్టరీలో ఇన్నేళ్లు పనిచేసిన మనిషి ఎడారిలో చలికి వణికాడన్న సంగతి వీధిలో అందరికీ పిన్నే చెప్పింది.

మొన్నామధ్య నేను షెడ్డుకి వెళ్లేసరికి పిన్ని ఫోన్లో ఉంది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, చేతులతో దారానికి మైనం పట్టిస్తోంది. అవతల ఎవరో మంచు కొండలెక్కేవాళ్లట, మంచులో వేసుకునే డేరాలు కుడతారా అని అడుగుతున్నారు. యజమానురాలు పక్కన నిలబడి, కుడతామని చెప్పు, కుడతామని చెప్పు అని సైగలు చేస్తోంది. పిన్ని ఆ మాట చెప్పలేదు.

"రాత్రంతా మీరు వదిలిన ఊపిరి కప్పుకి తగులుతుంది కదండీ, పొద్దున్న లేచేసరికి అది ఏమవుతుంది?" అని అడిగింది.

అవతలి మనిషి ఏదో చాలాసేపు చెప్పాడు. పిన్ని దారం పక్కన పెట్టేసి, ఫోను చేతిలోకి తీసుకుని, కళ్లు పెద్దవి చేసుకుని వింటూ ఉండిపోయింది.